హాన్లే డైరీ, కొట్టివేతలతో సహా

మే 13, 2024, సోమవారం

పొద్దున్నే ఓటేసి వచ్చి కూర్చున్నానో లేదో, మా మేనల్లుడు చింటూ ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "మామయ్యా, ఇది నార్వే అనుకుంటున్నావా? మన దేశమే."

ఫోటోలో నల్లటి కొండ. దాని వెనక ఆకాశం కుంకుమ చల్లినట్టుంది. 10వ తేదీ రాత్రి వచ్చిన సౌర తుపాను 2003 తర్వాత అంత పెద్దదట. దాని వెలుగు లద్దాఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలకి కూడా చిక్కింది. నార్వేలో పచ్చగా కనిపించే ధ్రువకాంతి ఇక్కడ ఎర్రగా ఎందుకుందని బావ అడిగారు. ఆ ఎరుపు 200 కిలోమీటర్ల పైన ఉండే ఆక్సిజన్ పరమాణువులది. పచ్చ అంతకంటే కింద పుడుతుంది. ఇంత దక్షిణాన ఉన్న మనకి భూమి వంపు అడ్డొచ్చి, ఆ తెర పై అంచు మాత్రమే కనబడుతుంది.

"అయితే వెళ్దాం," అన్నారు బావ. ఆయన అంతే, హోటల్‌కి వెళ్దాం అన్నంత తేలిగ్గా అంటారు.

ధ్రువకాంతి కోసం ప్లాన్ వేసుకుని హాన్లే వెళ్ళడం లాటరీ టికెట్ కొని ఇల్లు కట్టుకోవడం లాంటిది. కానీ అక్కడి మామూలు ఆకాశమే చాలు. హాన్లే ఊరు సుమారు 4,300 మీటర్ల ఎత్తులో ఉంది. పక్కనే కొండ మీద 4,500 మీటర్ల దగ్గర భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళ వేధశాల. అందులో 2 మీటర్ల అద్దం ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ 2000 నుంచి పని చేస్తోంది. 2022 డిసెంబర్‌లో చుట్టుపక్కల 1,073 చదరపు కిలోమీటర్లని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అంటే అక్కడ చీకటిని కూడా అడవిని కాపాడినట్టు కాపాడతారు.

కొత్త నోట్‌బుక్ తీశాను. కుడి పేజీలో అనుకున్నవి, ఎడమ పేజీలో కొట్టేసినవి. ఇప్పటికి ఎడమ పేజీ ఖాళీ.

మే 26, ఆదివారం

తేదీ తేలితే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. నక్షత్రాలు చూడ్డానికి మంచి రోజంటే అమావాస్యకి అటూ ఇటూ ఉన్న నాలుగైదు రోజులే. జూన్‌లో రాత్రి చిన్నది. జూలై, ఆగస్టుల్లో లద్దాఖ్‌కి వానలు తక్కువే అయినా మేఘాల బెడద ఉంటుంది. సెప్టెంబర్ 3 అమావాస్యని కాసేపు పట్టుకున్నాం గానీ రుతుపవనాలు ఇంకా పూర్తిగా వెనక్కి వెళ్ళవు. నవంబర్ 1 అంటే చలికి బావ కంటే ముందు నేనే పారిపోతాను. మిగిలింది అక్టోబర్ 2.

ఫోన్‌లో చెప్తే అమ్మ ఒకటే మాట. "మహాలయ అమావాస్య నాడు ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా?"

"అమావాస్య కోసమే వెళ్తున్నామమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, బయల్దేరేది ముందే కదా," అంది. నిజమే, బయల్దేరేది సెప్టెంబర్ 28న. గండం గడిచింది.

సాయంత్రమంతా నేనూ చింటూ కంప్యూటర్‌లో ఆకాశాన్ని అక్టోబర్ 2 రాత్రికి తిప్పుకుంటూ కూర్చున్నాం. సూర్యుడు సుమారు 6 గంటలకి అస్తమిస్తాడు. పూర్తి చీకటి పడేసరికి 7:20. మళ్ళీ తొలి వెలుగు 4:45 ప్రాంతంలో. అంటే చంద్రుడు లేని చీకటి తొమ్మిది గంటలకు పైగా ఉంటుంది.

ఇక్కడే మొదటి నిరాశ. హాన్లే అక్షాంశం దాదాపు 33 డిగ్రీలు, మన తెలుగు నేల 17కి అటూ ఇటూ. ఉత్తరానికి జరిగిన కొద్దీ ధ్రువ నక్షత్రం పైకి లేస్తుంది, దక్షిణాన ఉన్నవన్నీ కిందికి దిగుతాయి. మన దగ్గర శీతాకాలంలో 20 డిగ్రీల ఎత్తుకి వచ్చే అగస్త్య నక్షత్రం అక్కడ నాలుగున్నర డిగ్రీలు దాటదు, ఒక మోస్తరు కొండ అడ్డొస్తే అంతే. పాలపుంత నడిబొడ్డు ఇక్కడ 44 డిగ్రీలు ఎక్కితే అక్కడ 28. అది కూడా అక్టోబర్‌లో చీకటి పడేసరికే నైరుతికి వాలి 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండున్నర గంటల్లో మునిగిపోతుంది.

"అంత దూరం వెళ్ళి మన డాబా మీదకంటే తక్కువ చూస్తామా?" అన్నారు బావ. తక్కువ ఏమీ కాదు, వేరే. అర్ధరాత్రికి ఆండ్రోమెడా గెలాక్సీ దాదాపు నడినెత్తికి వస్తుంది. డాబా మీద అది ఉందని నమ్మాలి, అక్కడ కళ్ళతో చూడొచ్చు. అయినా ఎడమ పేజీలో మొదటి పేరు పడింది: అగస్త్యుడు.

జూన్ 9, ఆదివారం

సామాను. నా ఆరంగుళాల టెలిస్కోప్‌ని ఎలా తీసుకెళ్ళాలని మూడు వారాలుగా ఆలోచిస్తున్నాను. గొట్టం, స్టాండు, బరువు దిమ్మె కలిపి విమానంలో ఉచితంగా ఇచ్చే 15 కిలోలు దాటేస్తుంది. గొట్టాన్ని పరుపులో చుట్టి, స్టాండుని బావ లగేజీలో వేసి, దిమ్మె బదులు అక్కడ రాళ్ళ సంచి కట్టి… ఇదంతా కాగితం మీద బాగానే కుదిరింది.

చింటూ అడిగిన ప్రశ్నకి జవాబు దొరకలేదు. "మామయ్యా, అక్కడ ఊళ్ళోవాళ్ళకి టెలిస్కోపులు ఇచ్చి ట్రైనింగ్ కూడా ఇచ్చారు కదా. మనం మనది మోసుకెళ్ళేది ఎవరికి చూపించడానికి?"

ఇచ్చిన మాట నిజం. డార్క్ స్కై రిజర్వ్‌లోని ఊళ్ళ నుంచి కొంతమందిని ఎంపిక చేసి, ఆస్ట్రానమీ అంబాసిడర్లుగా తర్ఫీదు ఇచ్చి, టెలిస్కోపులు అప్పగించారు. వచ్చినవాళ్ళకి ఆకాశం చూపించడం వాళ్ళకో ఉపాధి. ఎడమ పేజీలో రెండో పేరు: టెలిస్కోప్. రాస్తున్నప్పుడు చెయ్యి కాస్త ఆగింది, ఒప్పుకుంటాను.

దాని బదులు 10×50 బైనాక్యులర్, అంటే పది రెట్లు పెద్దగా చూపించేది, ముందు కటకం 50 మిల్లీమీటర్లు. ఇందులోంచి వచ్చే కాంతి పుంజం వెడల్పు 50ని 10తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు. నలభై దాటిన కంటిపాప చీకట్లో విచ్చుకునేది కూడా దాదాపు అంతే. 7×50 కొంటే 7 మిల్లీమీటర్ల పుంజంలో కొంత నా కనుపాప అంచుకి తగిలి వృథా అయ్యేది. చింటూకైతే పనికొచ్చేది, వాడికి 19.

కెమెరా ఒకటి, 20 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి, ట్రైపాడ్, ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే చిన్న ట్రాకర్. ట్రాకర్ లేకుండా తీస్తే 500ని లెన్స్ మీద రాసిన 20తో భాగించి 25 సెకన్లు. అది దాటితే నక్షత్రాలు గీతలవుతాయి. నా అనుభవంలో 15 దాటితే చాలు, పెద్దగా చేసి చూసినప్పుడు చుక్క సాగినట్టు తెలుస్తుంది.

జూన్ 23, ఆదివారం

ఈ వారం అంతా ఒంటి గురించే.

4,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 60 శాతం. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు, విమానం దిగగానే నేరుగా అక్కడుంటాం. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దన్నది కొండ వైద్యుల సూత్రం. పగలు ఎంత ఎక్కి దిగినా పర్లేదు, నిద్ర ఎక్కడన్నదే లెక్క. లేహ్ నుంచి హాన్లేకి ఒకే రోజు వెళ్తే 800 మీటర్ల దూకుడు. అందుకని లేహ్‌లో మూడు రాత్రులు, దారిలో సుమారు 4,000 మీటర్ల దగ్గరున్న చుమథాంగ్‌లో ఒక రాత్రి, ఆ తర్వాతే హాన్లే. ఒక రోజు పెరిగింది. ఆఫీసులో ఎలా అడగాలో చూడాలి.

బావకి 54, బీపీ మాత్ర వేసుకుంటారు. ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికే పది రోజులు పట్టింది. "కొండెక్కడానికి కూడా ప్రిస్క్రిప్షన్ కావాలా?" అంటూనే వచ్చారు. డాక్టర్ ముందు అడిగింది సల్ఫా మందులు పడతాయా అని. ఎత్తు ప్రదేశాలకి వాడే ఎసిటజోలమైడ్ ఆ కుటుంబానికి చెందిందే. తర్వాత బీపీ మాత్ర పేరు చూసి, అందులో నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా కలిసి ఉందని, ఇది కూడా అలాంటిదేనని చెప్పి, కొన్ని పరీక్షలు రాసి, రిజల్ట్స్ చూశాకే ఏదైనా అన్నారు. నేనైతే ఇంటర్నెట్‌లో చదివి ముగ్గురికీ ఒకటే డోసు కొనేసేవాణ్ణి.

ఇప్పుడు ఈ డైరీలో నాకు బాగా నచ్చిన సంగతి. కంట్లో చీకటి చూపుకి పనిచేసేవి రాడ్ కణాలు. శరీరంలో బరువుతో పోల్చి చూస్తే ఆక్సిజన్‌ని అతిగా వాడుకునే భాగాల్లో రెటీనా ఒకటి. ఈ రాడ్ కణాలు వెలుతురులో కంటే చీకట్లోనే ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి. చీకట్లో వాటిలో ఒక విద్యుత్ ప్రవాహం నిరంతరం నడుస్తుంటుంది, వెలుతురు పడితే అది తగ్గుతుంది. చూస్తున్నప్పటికంటే చూడ్డానికి కాచుకుని ఉన్నప్పుడే వాటికి ఆకలెక్కువ అన్నమాట. కాబట్టి ఎత్తుకి వెళ్ళిన కొద్దీ ఆకాశం స్పష్టమవుతుంది, కన్ను మసకవుతుంది. నక్షత్రాలకి అడ్డొచ్చే గాలే కంటికి తిండి. పైన నిలబడి ఒక మసక గెలాక్సీ కనబడకపోతే పది సార్లు గట్టిగా ఊపిరి తీసి వదిలి మళ్ళీ చూడమని పాత పరిశీలకులు చెప్పే చిట్కా వెనక ఉన్నది ఇదే.

శాస్త్రవేత్తలు మనకంటే తెలివైనవాళ్ళు. ఆ 2 మీటర్ల టెలిస్కోప్‌ని బెంగళూరు దగ్గర హోసకోటెలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. కెమెరా చిప్‌కి ఊపిరాడకపోవడం అనే సమస్య లేదు.

ఇంకొకటి. పగలు ఎండలో నల్ల కళ్ళద్దాలు లేకుండా తిరిగితే ఆ రాత్రి చీకటి చూపు సరిగా రాదు. అక్కడ ఎండ తీవ్రత, తెల్లటి ఇసుక కలిసి ఇంకా ఎక్కువ. అందుకే జాబితాలో బైనాక్యులర్ పక్కనే కూలింగ్ గ్లాసెస్ రాశాను, పరికరాల కిందే.

జూలై 14, ఆదివారం

ప్లాన్‌లో ఒక బోనస్ ఉండేది. సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సెప్టెంబర్ 27న సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది. బతికి బట్టకడితే మేము హాన్లేలో ఉన్న రోజుల్లోనే తెల్లవారుజామున తూర్పున కనిపించాలి. తోకచుక్కల మీద దశాబ్దాలుగా పని చేసిన సెకానినా అనే ఖగోళ శాస్త్రవేత్త అది అప్పటికే విచ్ఛిన్నమవుతోందని, సూర్యుడి దాకా రాకుండానే పోతుందని ఈ నెలలో లెక్కలతో సహా రాశారు. చింటూ మొహం చిన్నబోయింది.

తోకచుక్కని ఎడమ పేజీలో వేశాను. పెన్సిల్‌తో.

ఆగస్టు 11, ఆదివారం

ఈ రోజు గొడవ బావతో. ఆయన యూట్యూబ్ చూసి ఒక మహా యాత్ర తయారు చేసుకొచ్చారు: లేహ్ నుంచి చాంగ్‌లా కనుమ దాటి పాంగాంగ్ సరస్సు, అక్కడి నుంచి హాన్లే, హాన్లే నుంచి ఉమ్లింగ్‌లా. 5,798 మీటర్లు, బండి వెళ్ళే రోడ్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైన వాటిలో ఒకటి.

"అంత దూరం వెళ్ళి అది చూడకపోతే జనం నవ్వుతారు."

"బావా, రాత్రి మూడింటి దాకా మేలుకుని, పొద్దున్నే లేచి ఇంకో 1,500 మీటర్లు ఎక్కుతారా? ఎక్కి వచ్చి మళ్ళీ రాత్రి మేలుకుంటారా?"

"నేను మధ్యాహ్నం పడుకుంటాగా."

అక్క ఏమీ మాట్లాడకుండా ఆయన రిపోర్టుల ఫైలు తెచ్చి టీపాయ్ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఉమ్లింగ్‌లా ఎడమ పేజీకి వెళ్ళింది. చాంగ్‌లా సంగతి తేలిగ్గానే తేలింది: సింధు నది వెంబడి ఉప్శి, చుమథాంగ్, మాహే, న్యోమా, లోమా మీదుగా వెళ్తే దారిలో పెద్ద కనుమే లేదు. నది ఎలా ఎక్కితే మనమూ అలాగే ఎక్కుతాం. పాంగాంగ్ కోసం మాత్రం బావ ఇంకా అలిగే ఉన్నారు.

టాక్సీ విషయంలో ఒక తప్పు కాస్తలో తప్పింది. ఫోన్‌లో మాట్లాడిన ఏజెంట్ హాన్లేలో దింపి వెళ్ళిపోయి మూడో రోజు మళ్ళీ వచ్చే రేటు చెప్పాడు. చవగ్గా ఉందని ఒప్పుకోబోయాను. కానీ అర్ధరాత్రి ఎవరికైనా నడక తడబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా చేయాల్సింది ఒక్కటే, వెంటనే కిందికి దిగడం. దిగడానికి బండి ఉండాలి కదా. బండి, డ్రైవరు మాతోనే ఉండేలా మాట్లాడాను. రేటు పెరిగింది. టెలిస్కోప్ మిగిల్చిన లగేజీ డబ్బులు ఇక్కడ సర్దుకున్నాం అని మనసుకి చెప్పుకున్నాను, లెక్క కుదరకపోయినా.

హాన్లే సరిహద్దుకి దగ్గర కాబట్టి అనుమతి పత్రాలు, గుర్తింపు కార్డుల కాపీలు చెక్‌పోస్టుల్లో ఇవ్వడానికి అరడజను తీయించాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. చింటూది ప్రీపెయిడ్. వాడికి ఈ వార్త తోకచుక్క కంటే పెద్ద దెబ్బ.

ఆగస్టు 25, ఆదివారం

బ్యాటరీ పరీక్ష. కెమెరా బ్యాటరీని కవర్లో చుట్టి ఫ్రీజర్లో గంటసేపు పెట్టాం. అక్టోబర్ మొదట్లో హాన్లే రాత్రి సున్నాకి దిగువన ఉంటుంది, ఫ్రీజర్ అంత కాకపోయినా. తీసి కెమెరాలో పెట్టగానే నిండు బ్యాటరీ సగం చూపించింది. వరసగా ఫోటోలు తీస్తే కాసేపటికే ఎర్ర గుర్తు. అదే బ్యాటరీని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని టీ తాగి వచ్చేసరికి మళ్ళీ లేచి కూర్చుంది. చలికి ఛార్జి ఎక్కడికీ పోదు, లోపలి రసాయన చర్య నెమ్మదిస్తుంది, అంతే. కాబట్టి మూడు బ్యాటరీలు, రెండు ఎప్పుడూ ఒంటికి ఆనుకుని. ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండు స్పేర్లలో ఒకటి వేరే మోడల్‌ది పంపారు. వాపసు పంపి వారమైంది, ఇంకా అతీగతీ లేదు.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయనివ్వరు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, 100 పరిమితి లోపలే.

చీకటి చూపు చెడకుండా హెడ్‌ల్యాంపుకి ఎర్ర సెల్లోఫేన్ కాగితం అతికించాం. గదిలో లైట్లార్పి అరగంట కూర్చుని వెలిగిస్తే కళ్ళలో పొడిచినట్టయింది. రెండు పొరలు, మూడు పొరలు. నాలుగో పొరకి నోట్‌బుక్‌లో అక్షరం మాత్రమే కనబడేంతకి దిగింది. అది చాలు.

సెప్టెంబర్ 1, ఆదివారం

ఊరి బయట చేయాలనుకున్న రిహార్సల్ రద్దు. నిన్నటి నుంచి రెండు రాష్ట్రాల్లోనూ కుండపోత, వరదలు. టీవీలో ఇళ్ళ కప్పుల మీద నిలబడ్డ జనాన్ని చూస్తూ నక్షత్రాల గురించి మాట్లాడుకోవడానికి సిగ్గేసింది. నోట్‌బుక్ మూసేశాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

రిహార్సల్ పడకగదిలోనే అయింది. లైట్లార్పి, చేతికి రెండు జతల గ్లవుజులు వేసుకుని ట్రైపాడ్ విప్పి, ట్రాకర్ బిగించి, కెమెరా ఎక్కించాలి. మొదటిసారి 25 నిమిషాలు, ఒక స్క్రూ మంచం కిందికి. ఐదోసారికి 9 నిమిషాలు. పలుచటి గ్లవుజు లోపల, మందంది పైన, మందం దానికి తాడు కట్టి మెడలో. ఫోకస్ రింగుని పగలే దూరపు కొండ మీద సరిచేసి టేపు వేసేయడం చింటూ ఐడియా. రాత్రి నక్షత్రం మీద మళ్ళీ సరిచూడాలి, టేపుని గుడ్డిగా నమ్మకూడదన్నది నా సవరణ.

ట్రాకర్ కోణాన్ని హాన్లే అక్షాంశానికి తగ్గట్టు 17 నుంచి 33కి మార్చి మార్కర్‌తో గీత గీశాను.

తోకచుక్క ఇంకా ఉంది. సన్నబడలేదు, విరగలేదు. పెన్సిల్ గీత చెరిపేశాను.

సెప్టెంబర్ 29, ఆదివారం, లేహ్

నిన్న పొద్దున దిగాం. లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయమే వస్తాయి, మధ్యాహ్నానికి లోయలో గాలులు పెరుగుతాయి. దిగిన రోజంతా పడకే. ఆక్సీమీటర్ నాకు 88, చింటూకి 90, బావకి 86. ఇంట్లో ఈ అంకె వస్తే అంబులెన్స్ పిలిచేవాళ్ళం, ఇక్కడ హోటల్ కుర్రాడు చూసి బాగుంది అన్నాడు. బావకి తలనొప్పి. రాత్రికి తగ్గింది. వేళ్ళ చివర చీమలు పాకుతున్నట్టుంది అంటున్నారు. మాత్ర వల్ల అలా ఉంటుందని డాక్టర్ ముందే చెప్పారు.

తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి బయటపడింది! ఇంత ఎత్తులో కేకలు వేయొద్దని చింటూని ఆపాల్సొచ్చింది.

అక్టోబర్ 1, మంగళవారం, చుమథాంగ్

నది ఒడ్డున వేడి నీటి ఊటలు. బావ అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని పాంగాంగ్‌ని క్షమించేశారు. కొండల మధ్య ఆకాశం సన్నగా ఒక పట్టీ. అయినా ఆ పట్టీలోంచే పాలపుంత పారుతోంది, కింద సింధు నది. కెమెరా తీయలేదు. ఈ రాత్రి నిద్రే పని.

అక్టోబర్ 3, గురువారం, హాన్లే, ఉదయం 7

నిన్న మధ్యాహ్నం చేరాం. దారిలో 21 మీటర్ల వెడల్పు అద్దాల పళ్ళెం ఒకటి ఆకాశం కేసి నిలబడి ఉంది, మేస్ గామా కిరణాల టెలిస్కోప్. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళది, తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది. రేపే దాని ప్రారంభోత్సవం. బావ దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుని అక్కకి పంపబోతే సిగ్నల్ లేదు.

చీకటి పడ్డాక మేమున్న ఇంటావిడ అన్నిటికంటే ముందు చేసిన పని కిటికీలకి మందపాటి తెరలు లాగడం. డ్రైవరు బండి జరపాల్సొస్తే హెడ్‌లైట్లు దించుకుని నడిపాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

7:30కి బయటికి. పాలపుంత నడిబొడ్డు లెక్క వేసుకున్న చోటే ఉంది. 22 డిగ్రీలంటే తక్కువనుకున్నాం గానీ, ఇక్కడ దిగంతం దాకా ఒకే స్పష్టత. మన దగ్గర దుమ్ములో కలిసిపోయే ఎత్తులో కూడా చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. పక్క ఊరి అంబాసిడర్ అమ్మాయి తన టెలిస్కోప్‌లో శనిని చూపించింది. వలయం కత్తి అంచులా సన్నం. వచ్చే మార్చిలో అది మనకి పూర్తిగా అంచు తిప్పుతుంది. నా ఆరంగుళాల గొట్టం గుర్తుకు రాలేదంటే అబద్ధం, దాన్ని ఈ చలిలో బిగించే ఓపిక ఉందంటే ఇంకా పెద్ద అబద్ధం.

9 నిమిషాల రిహార్సల్ ఇక్కడ 20 నిమిషాలైంది. వంగి లేస్తే ఆయాసం. ఒక స్క్రూ బిగించడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ ఇంకో స్క్రూ. పదకొండింటికి ఆండ్రోమెడా గెలాక్సీ మామూలు కంటికే, బైనాక్యులర్ అక్కర్లేకుండా. పక్కనున్న ఎం 33 అనే ఇంకా మసక గెలాక్సీ కోసం చాలాసేపు వెతికాను. చింటూకి కనిపించింది, నాకు కనబడలేదు. ఊపిరి చిట్కా వాడాను. ఉన్నట్టే ఉంది, ఒట్టేసి మాత్రం చెప్పలేను. రోహిణి, దాని పక్కన వృషభం కొమ్ముల మధ్య గురుడు పైకొచ్చాక మృగశిర లేచింది. ఒంటిగంటకి మొదటి బ్యాటరీ చచ్చింది, జేబులోది దాని స్థానంలోకి వెళ్ళింది.

అందరం లోపలికెళ్ళి పడుకున్నాం, నాలుగింటికి అలారం. కెమెరాని బయటే సంచిలో మూసి తెచ్చాను, వెచ్చటి గదిలో లెన్స్ మీద తేమ పట్టకుండా.

4:10కి బావ బయటి నుంచి గట్టిగా, "లేవండర్రా, తెల్లారిపోయింది! మీ తోకచుక్క పోయింది!"

పరిగెత్తలేని చోట పరిగెత్తాం. తూర్పున నిజంగానే వెలుగు, కొండ మీంచి దాదాపు నిటారుగా లేచి సింహరాశిలోంచి కుజుడి దాకా పాకిన తెల్లటి గోపురం. గడియారం చూస్తే తొలి వెలుగుకి ఇంకా అరగంట పైనే ఉంది. సూర్యుడి చుట్టూ గ్రహాల తలంలో పరుచుకున్న ధూళి మీద పడి మెరుస్తున్న ఎండ అది, రాశిచక్ర కాంతి. సెప్టెంబర్, అక్టోబర్ వేకువల్లో అది నిటారుగా లేచి బాగా కనిపిస్తుందని చదివాను. జాబితాలో ఎక్కడా రాయలేదు. బావ మోసపోకుండా ఉంటే దాన్ని నిద్రలోనే దాటేసేవాళ్ళం.

అసలు తెల్లవారడం తర్వాత మొదలైంది. 5:25కి కొండ అంచు మీద, వెలుగు కలిసిపోతున్న చోట, చింటూ బైనాక్యులర్ పట్టుకుని బిగుసుకుపోయాడు. చిన్న తల, పైకి సన్నటి తోక. ముగ్గురం తలా రెండు నిమిషాలు. 5:40కి ఆకాశం మింగేసింది. కెమెరాలో నాలుగు ఫోటోలు మిగిలాయి, రెండు కదిలాయి.

ఈ రాత్రికి పని: ఎం 33 మళ్ళీ. ట్రాకర్ గీత 33 దగ్గర కాదు, 32.8 దగ్గర పెట్టమని చింటూ. మూడు బ్యాటరీలూ ఛార్జికి పెట్టాలి, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఇంటావిడని అడగాలి. బావ పడుకున్నారు, ఆక్సీమీటర్ 84, తలనొప్పి లేదు, గీత మీద నడిపిస్తే తిన్నగా నడిచారు.